బ్రహ్మ కంటే ముందే నీళ్లుంటే, ఆ నీళ్లెక్కడివి?

చిరుదివ్వె:

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పదకొండేళ్లు. మొన్న రాత్రి సృష్టి కథ చెప్పమంటే మా అమ్మమ్మ నాకు చెప్పినట్టే చెప్పాను. అంతటా నీళ్లు. నీళ్ల మీద శేషుడు, శేషుడి మీద పవళించిన విష్ణుమూర్తి, ఆయన బొడ్డులోంచి లేచిన తామర, అందులో బ్రహ్మ. నాలుగు దిక్కులూ చూస్తే నాలుగు ముఖాలు వచ్చాయి. తాను ఎక్కడి నుంచి వచ్చాడో తెలుసుకుందామని తామరతూడులోకి దిగి, ఎంతో కాలం వెతికి, ఏమీ దొరక్క పైకి వచ్చాడు. అప్పుడు 'తప' అని రెండక్షరాలు వినిపించాయి. తపస్సు చేశాక సృష్టి మొదలుపెట్టాడు.

అంతా విని, "బ్రహ్మ అన్నీ చేశాడు సరే. నీళ్లు ఆయన కంటే ముందే ఉన్నాయి కదా, వాటినెవరు చేశారు?" అని అడిగింది. విష్ణువు అన్నాను. "ఆయన నిద్రపోతున్నాడని నువ్వే అన్నావుగా" అంది. రేపు చెప్తానని పడుకోబెట్టాను.

మర్నాడు కూర్చుని చదివితే నాకే అయోమయం ఎక్కువైంది. ఒకచోట బంగారు అండం, ఒకచోట వెయ్యి తలల పురుషుడు, ఒకచోట ఆకాశం నుంచి గాలి, ఇంకోచోట అసలు ఎవరికీ తెలియదు అని ఉంది. వీటిలో మన పెద్దలు ఒప్పుకున్నది ఏది? పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే అని దాటెయ్యడం నాకు ఇష్టం లేదు.

అధ్యయనం:

చిరుదివ్వె గారూ, ముందుగా పాపకు ఒక్క మాట చెప్పండి. ఆ ప్రశ్న ఋగ్వేదంలోనే ఉంది.

పదో మండలంలో 129వ సూక్తం. 'నాసదాసీత్' అని మొదలవుతుంది కాబట్టి నాసదీయం అంటారు. ఏడే ఋక్కులు. దీనికి ద్రష్ట పరమేష్ఠి అనే ప్రజాపతి. అప్పుడు లేనిదీ లేదు, ఉన్నదీ లేదు, అంతరిక్షం లేదు, దాని పైనున్న ఆకాశమూ లేదు అంటూ మొదలుపెట్టి వరసగా అడుగుతాడు. ఏది కప్పింది? ఎక్కడ? ఎవరి నీడన? ఆ వెంటనే 'అంభః కిమాసీద్గహనం గభీరమ్' అంటాడు. నీళ్లుండేవా, అంతు దొరకని ఆ లోతు? మీ పాప నిలబడిన చోటు సరిగ్గా ఇదే.

రెండో ఋక్కులో చావు లేదు, చావు లేకపోవడమూ లేదు, రాత్రికీ పగటికీ గుర్తు లేదు. 'ఆనీదవాతం స్వధయా తదేకమ్'. ఆ ఒక్కటి, గాలి లేకుండానే, తన సొంత శక్తితో ఊపిరి తీసింది. దాన్ని అతడు అనలేదు, ఆమె అనలేదు. అది అన్నాడు. ఈ ఒక్క మాట దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో లెక్క లేదు. మూడో ఋక్కులో చీకటిని చీకటి కప్పి ఉంది, ఇదంతా ఆనవాలు తెలియని సలిలం అన్నాడు. అందులో తపస్సు వేడి నుంచి ఆ ఒక్కటి పుట్టింది. నాలుగోదానిలో కోరిక, మనసుకు మొదటి బీజం.

ఇక చివరి రెండు ఋక్కులు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో నిజంగా ఎవరికి తెలుసు, ఎవరు చెప్పగలరు? దేవతలు కూడా ఈ సృష్టికి ఇవతలి వాళ్లే. ఇది ఎవరైనా చేస్తే అయిందో, చేయకపోతే అయిందో, పరమాకాశంలో ఉండి దీన్ని చూసేవాడికే తెలుసు. లేదా ఆయనకూ తెలియదేమో. 'యది వా న వేద' అని సూక్తం అక్కడితో ఆగిపోతుంది.

మాది కృష్ణయజుర్వేదం. తైత్తిరీయ బ్రాహ్మణంలో కూడా ఈ సూక్తం వస్తుంది. చిన్నప్పుడు స్వరంతో వల్లె వేశాను కానీ అర్థం తెలిసింది నలభై దాటాక. తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదు.

నిత్యాన్వేషి:

ఇంత స్పష్టంగా మన దగ్గర ఉంటే ఇంకా వెతుకులాట ఎందుకండి? హిరణ్యగర్భం అంటే బంగారు అండం, బిగ్ బ్యాంగ్‌కి ముందున్న వేడి ముద్ద అదే. బ్రహ్మ పగలు 432 కోట్ల సంవత్సరాలు. భూమి వయసు సైన్స్ ప్రకారం 454 కోట్లు. ఇంత దగ్గరగా ఊరికే వస్తుందా? మనవాళ్లు ముందే చెప్పారు, సైన్స్ ఇప్పుడు ఒప్పుకుంది అని పాపకి చెప్పండి. పిల్లలకి మన వాటి మీద గర్వం ఉండాలి.

తారాపథం:

నిత్యాన్వేషి గారూ, నేను ఇరవై ఏళ్లుగా ఫిజిక్స్ చెప్తున్నాను. రోజూ సంధ్యావందనమూ చేస్తాను. రెండూ నాకు ప్రాణం. అందుకే దయచేసి ఆ లెక్క పిల్లకి చెప్పొద్దంటున్నాను.

432 కోట్లు బ్రహ్మ పగలు మొత్తం నిడివి. అందులో ఇప్పటికి ఎంత గడిచిందో మనం పూజలో చెప్పుకునే సంకల్పంలోనే ఉంది. 'ద్వితీయపరార్ధే, శ్వేతవరాహకల్పే, వైవస్వతమన్వంతరే, కలియుగే, ప్రథమపాదే'. కల్పానికి 14 మన్వంతరాలు, ఒక్కోదానికి 71 మహాయుగాలు, మధ్యలో సంధులు. మనం ఉన్నది ఏడో మన్వంతరం, అందులో 28వ మహాయుగం. అన్నీ కూడితే గడిచింది సుమారు 197 కోట్ల 29 లక్షల సంవత్సరాలు. భూమి వయసుతో పోల్చాలంటే దీన్ని పోల్చాలి. పోలిస్తే సగం కూడా రాదు. విశ్వం వయసు సుమారు 1,380 కోట్లు, దానితోనూ కుదరదు. పైగా ఆర్యభటుడి లెక్కే వేరు. కల్పానికి 1,008 మహాయుగాలు, నాలుగు యుగాలూ సమానం, ఒక్కోటి 10,80,000 సంవత్సరాలు అన్నాడాయన. ఇద్దరిలో ఎవరు సైన్స్ చెప్పినట్టు? పాప పెద్దయ్యి ఈ కూడికలు తనే వేసుకున్న రోజున మనం చెప్పిన మిగతా వాటినీ నమ్మడం మానేస్తుంది. నా భయం అది.

హిరణ్యగర్భ సూక్తం విషయమూ అంతే. పదో మండలం 121. బిగ్ బ్యాంగ్ అంటే ఎక్కడో ఖాళీలో ఒక ముద్ద పేలడం కాదు, స్థలమే సాగడం. 1965లో పెంజియాస్, విల్సన్‌లకు అన్ని దిక్కుల నుంచీ అందిన మైక్రోవేవ్ వికిరణం లాంటి సాక్ష్యాల మీద ఆ సిద్ధాంతం నిలబడింది. ఋషి చేసిన పని వేరు. 'కస్మై దేవాయ హవిషా విధేమ', ఏ దేవుడికి హవిస్సు అర్పిద్దాం అని తొమ్మిది ఋక్కుల్లో తొమ్మిదిసార్లు అడిగాడు. పదో ఋక్కులో గానీ ప్రజాపతి పేరు రాదు. అంత ఆర్తిగా అడిగిన ప్రశ్నను పక్కన పెట్టి, ఒక్క అండాన్ని తీసుకుని ఇదిగో సైన్స్ అంటే ఆ సూక్తాన్ని మనమే చిన్నది చేసినట్టు.

నీళ్ల సంగతి కూడా చెప్పేస్తాను. మనం తాగే నీళ్లలో ఆక్సిజన్ ఉంటుంది, అది నక్షత్రాల లోపల తయారైంది. కాబట్టి నక్షత్రాల కంటే ముందు ఈ నీళ్లు ఉండే వీలు లేదు. అలాగని వేదంలో నీళ్లకు వాడిన 'ఆపః' అంటే హైడ్రోజన్ అని సాగదీయడమూ నాకు సమ్మతం కాదు.

నిత్యాన్వేషి:

197 లెక్క నేను ఎప్పుడూ వేసి చూడలేదు. మీరు రాశాక కాగితం మీద వేశాను, మీరు చెప్పిందే వచ్చింది. ఒప్పుకుంటున్నాను.

కానీ ఒకటి మాత్రం వదులుకోలేను. 43,20,000 సంవత్సరాలకు ఒక మహాయుగం, అలాంటివి వెయ్యి అయితే బ్రహ్మకు ఒక పగలు, అంతే రాత్రి, అలాంటి రోజులతో నూరేళ్లు. గుణిస్తే 3,11,04,000 కోట్ల సంవత్సరాలు. అదీ ఒక్క బ్రహ్మ ఆయువే, ఆ తర్వాత ఇంకో బ్రహ్మ. కళ్లకు కనిపించే పంటలు, వానలు, తరాలు దాటి అంత దూరం ఆలోచించిన వాళ్లంటే నాకు చాలా గౌరవం. సైన్స్‌తో కలవకపోయినా సరే.

తారాపథం:

ఆ గౌరవంలో నేనూ మీ పక్కనే ఉన్నానండి. కాలం ముందు మనిషి ఎంత చిన్నవాడో అంత సూటిగా చెప్పిన లెక్క ఇంకొకటి నాకు తెలియదు. రోజూ సంకల్పం చెప్పుకునేటప్పుడు మొదట కోట్ల ఏళ్లు, చివరికి ఈ రోజు తిథి, నా పేరు. ఆ జారుడు నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించేలా ఉంటుంది.

తర్కపాదం:

చిరుదివ్వె గారి అసలు ప్రశ్నకు పురాణాల లోపలే సూటి జవాబు ఉంది.

పురాణానికి ఐదు లక్షణాలు: సర్గం, ప్రతిసర్గం, వంశం, మన్వంతరం, వంశానుచరితం. సర్గం అంటే పంచభూతాలు, ఇంద్రియాలు, మహత్తు (బుద్ధితత్త్వం), అహంకారం (నేను అనే తత్త్వం) లాంటి మూలపదార్థాలు పుట్టడం. ఉన్న పదార్థంతో లోకాలను, ప్రాణులను తీర్చిదిద్దేది బ్రహ్మ. ఈ రెండో దాన్ని భాగవతం విసర్గం అంటుంది. మీ అమ్మమ్మ గారు చెప్పిన తామర కథ రెండో దశది. బ్రహ్మ పగలు ముగిశాక నైమిత్తిక ప్రళయం వస్తుంది, లోకాలు ఒకే సముద్రంలో మునుగుతాయి. ఏకార్ణవం అంటే అదే. మళ్లీ తెల్లవారినప్పుడు కనిపించే నీళ్లు ఆ ప్రళయం నీళ్లే. అంటే ఆ కథ మొట్టమొదటి రోజు గురించి కాదు, ఒక రాత్రి తర్వాతి తెల్లవారు గురించి.

మరి నీళ్లు మొదట ఎలా వచ్చాయి? తైత్తిరీయోపనిషత్తు వరస చెప్పింది. ఆత్మ నుంచి ఆకాశం, ఆకాశం నుంచి వాయువు, వాయువు నుంచి అగ్ని, అగ్ని నుంచి నీళ్లు, నీళ్ల నుంచి భూమి. బ్రహ్మ ఆయువు తీరాక వచ్చే ప్రాకృత ప్రళయంలో ఇదే వెనక్కి నడుస్తుంది. భూమి నీళ్లలో కలుస్తుంది, నీళ్లు అగ్నిలో, అలా పైకి.

మనుస్మృతి ఇంకో దారి పట్టింది. అంతా చీకటిగా ఉన్నప్పుడు స్వయంభువు ముందు నీళ్లనే సృష్టించి వాటిలో బీజం వేశాడు, అది బంగారు అండమైంది, అందులోంచి బ్రహ్మ వచ్చాడు. నీళ్లకు 'నారాలు' అని పేరు, అవి ఆయనకు మొదటి అయనం, అందుకే నారాయణుడు. మీ పాపకి మీరు అప్పటికప్పుడు చెప్పిన జవాబుకి ఇది బాగా దగ్గర.

చిరుదివ్వె:

రెండు దశలని తెలియడమే నాకు పెద్ద ఊరట. కానీ నిప్పులోంచి నీళ్లు అంటే ఊరుకోదు. నీళ్లు నిప్పుని ఆర్పుతాయి కదా అంటుంది. నాకూ ఆ సందేహమే.

అధ్యయనం:

దానికి ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకి చెప్పిన మాట ఉంది. అక్కడ ఆయన ఆకాశం, వాయువుల జోలికి పోలేదు. సత్తు, అంటే మొదట ఉన్న ఆ ఒక్కటి, 'నేను అనేకం కావాలి' అనుకుని తేజస్సును సృష్టించింది, తేజస్సు నీళ్లను సృష్టించింది. ఎలా నమ్మడం అంటే, మనిషి ఎక్కడ శోకించినా, ఎక్కడ చెమట పట్టినా, ఆ వేడి నుంచే నీళ్లు పుడుతున్నాయి చూడు అన్నాడు.

కన్నీళ్లు, చెమట. ఒక తండ్రి ఎదిగిన కొడుకుకి విశ్వం పుట్టుక గురించి చెప్తూ చూపించిన ఉదాహరణ అది. పాపకి ఇది చెప్పి చూడండి. ఏడ్చేటప్పుడు కళ్లు వేడెక్కడం తనకి తెలిసే ఉంటుంది.

తర్కపాదం:

అధ్యయనం గారు మంచి చోటుకి తీసుకొచ్చారు. అదే ఖండంలో ఇంకో గొడవ ఉంది. ఉద్దాలకుడు 'సదేవ సోమ్యేదమగ్ర ఆసీత్' అంటాడు. మొదట ఉన్నది సత్తే, రెండోది లేని ఒక్కటే. కొందరు మొదట అసత్తు ఉంది, దాంట్లోంచి సత్తు పుట్టింది అంటారు, కానీ లేనిదాంట్లోంచి ఉన్నది ఎలా పుడుతుంది నాయనా అని అడుగుతాడు. ఆ 'కొందరు' బయటివాళ్లు కాదు. ఋగ్వేదం పదో మండలం 72వ సూక్తంలో 'అసతః సదజాయత' అనే ఉంది. తైత్తిరీయంలో 'అసద్వా ఇదమగ్ర ఆసీత్' ఉంది. ఛాందోగ్యంలోనే మూడో అధ్యాయంలో 'అసదేవేదమగ్ర ఆసీత్' అని మొదలుపెట్టి అండం కథ చెప్పారు. అది ఏడాది ఉండి రెండుగా చీలింది, వెండి చిప్ప భూమి, బంగారు చిప్ప ఆకాశం. నాసదీయం ఏమో సత్తూ లేదు, అసత్తూ లేదు అంది.

దీన్ని వైరుధ్యం అని దాచిపెట్టాల్సిన పని లేదు. బ్రహ్మసూత్రాల్లోనే ఆకాశం పుట్టిందా లేదా అని పూర్తి అధికరణం, అంటే ఒక విడి చర్చ, నడిచింది. శంకరులు ఏమంటారంటే, ఆ వాక్యాల్లో అసత్తు అంటే శూన్యం కాదు, ఇంకా పేరూ రూపమూ రాని స్థితి. సృష్టి వరసలో ఉపనిషత్తులకు తేడా ఉన్నా కారణం విషయంలో లేదు. ఆయనకు ముందు గౌడపాదులు ఇంకా తెగేసి చెప్పారు. మట్టి, ఇనుము, నిప్పురవ్వల ఉదాహరణలతో రకరకాలుగా చెప్పిన సృష్టి అంతా బుద్ధిని ఒకచోటికి చేర్చే ఉపాయం మాత్రమే అన్నారు. ఆయన దృష్టిలో అసలు ఏదీ పుట్టలేదు, అజాతి. రామానుజులు ఇది ఒప్పుకోరు. చేతన, అచేతనాలు రెండూ బ్రహ్మానికి శరీరం, సూక్ష్మంగా ఉన్న శరీరం స్థూలం కావడమే సృష్టి, అది నిజంగా జరిగేదే అంటారు.

సాంఖ్యులకు ఈశ్వరుడి అవసరమే పడలేదు. ప్రకృతి నుంచి మహత్తు, అహంకారం, ఇంద్రియాలు, తన్మాత్రలు, భూతాలు, పురుషుడితో కలిపి ఇరవై ఐదు తత్త్వాలు. కార్యం ముందే కారణంలో ఉంటుంది, నువ్వుల్లో నూనెలా. వైశేషికులు దీనికి ఎదురు. కుండ ముందు లేదు, కొత్తగా పుట్టింది, మూలంలో ఉన్నవి పరమాణువులు అన్నారు.

ఇక మీమాంసకులు. నాకు అందరికంటే ఇష్టం వీళ్లే. కుమారిలభట్టు అడిగిన ప్రశ్నలు చూడండి. ఏమీ లేనప్పుడు ప్రజాపతి ఎక్కడ నిలబడి సృష్టించాడు? శరీరం లేనివాడికి సృష్టించాలనే కోరిక ఎలా కలిగింది? శరీరం ఉంటే దాన్ని ఎవరు చేశారు? లోకం ఎప్పుడూ ఇలాగే ఉంది, మొత్తంగా పుట్టిన రోజూ లేదు, మొత్తంగా పోయే రోజూ లేదు అన్నది వాళ్ల పక్షం. వేదమే ప్రమాణం అని గట్టిగా పట్టుకున్న వాళ్ల మాట ఇది. కాబట్టి 'మన పెద్దలు ఒప్పుకున్నది ఏది' అంటే, వాదించుకోవడాన్ని ఒప్పుకున్నారు.

వెన్నెలవాన:

తర్కపాదం గారూ, మీరు ఇందరు మగవాళ్లను చెప్పి ఒక్క గార్గిని వదిలేశారు. ఈ చర్చ శీర్షిక చూడగానే నాకు గుర్తొచ్చింది ఆమే.

బృహదారణ్యకోపనిషత్తు మూడో అధ్యాయం. జనకుడి సభ. ఒక్కొక్కరూ యాజ్ఞవల్క్యుణ్ణి అడిగి ఊరుకుంటున్నారు. గార్గి లేచి అడిగిన మొదటి ప్రశ్న: ఇదంతా నీళ్లలో పడుగూ పేకలా నేసి ఉంది అంటున్నారు, మరి నీళ్లు దేనిలో నేసి ఉన్నాయి? ఆయన వాయువులో అన్నాడు. వాయువు దేనిలో? అంతరిక్ష లోకాల్లో. అవి దేనిలో? అలా గంధర్వ లోకాలు, సూర్యలోకాలు, చంద్రలోకాలు దాటి బ్రహ్మలోకాల దాకా తీసుకెళ్లింది. బ్రహ్మలోకాలు దేనిలో నేసి ఉన్నాయి అనగానే, 'గార్గీ, అతిగా అడగకు, నీ తల పడిపోతుంది' అన్నాడు. ఆమె కూర్చుంది.

ఇంతవరకే చెప్పి ఆపేసేవాళ్లని చాలామందిని చూశాను. నాకు బాధేస్తుంది. ఎందుకంటే ఆమె మళ్లీ లేచింది. రెండు బాణాలు ఎక్కుపెట్టిన వీరుడిలా రెండు ప్రశ్నలతో వచ్చాను, చెప్పు అంది. ఆకాశానికి పైనా, భూమికి కిందా, మధ్యలోనూ, జరిగిందీ జరగబోయేదీ అన్నీ దేనిలో నేసి ఉన్నాయి? ఆకాశంలో. ఆ ఆకాశం దేనిలో? ఈసారి ఆయన బెదిరించలేదు. అక్షరంలో, అంటే నశించనిదానిలో అన్నాడు. లావు కాదు, సన్నం కాదు, పొట్టి కాదు, పొడుగు కాదు, నీడ కాదు, చీకటి కాదు అంటూ చెప్పుకుపోయాడు. అప్పుడు ఆమే సభ వైపు తిరిగి, ఇతన్ని ఎవరూ గెలవలేరు, నమస్కారం పెట్టి బయటపడండి అని తీర్పు చెప్పింది. తీర్పు చెప్పే స్థానం ఆమెది.

చిరుదివ్వె గారూ, 'నీళ్లు ఎవరు చేశారు' అన్న మీ అమ్మాయి ఎవరి దారిలో నడుస్తోందో చెప్పండి తనకి. రెండోసారి లేచిన సంగతి తప్పకుండా చెప్పండి.

ఒంటరిబాట:

నేను ఎక్కువగా చదివేవాణ్ణే, రాసేవాణ్ణి కాదు. నిరుడు మా తమ్ముడు పోయాడు. ముప్ఫై నాలుగేళ్లు. అప్పట్నుంచి సృష్టి ఎందుకు అన్న ప్రశ్న నాకు పుస్తకం ప్రశ్న కాదు. ఎవర్ని అడిగినా లీల అంటున్నారు. ఆ మాట వింటే గుండెలో పొడిచినట్టు ఉంటోంది. ఒకడి ఆట కోసమా ఇదంతా?

తర్కపాదం:

మీ బాధకు నా దగ్గర మందు లేదండి. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. 'లోకవత్తు లీలాకైవల్యమ్' అనేది బ్రహ్మసూత్రం, రెండో అధ్యాయం మొదటి పాదంలో 33వది. దాని సందర్భం వేరు. ఏ లోటూ లేనివాడు ఎందుకు సృష్టిస్తాడు అన్న ఆక్షేపణకు జవాబు అది. లోటు తీర్చుకోవడానికి కాదు, ఊపిరి తీసినట్టు సహజంగా అని శంకరులు అర్థం చెప్పారు. మన దుఃఖం ఆయనకు వినోదం అని కాదు. మీరు అడిగిన ప్రశ్నే వెంటనే 34వ సూత్రంలో ఉంది. మరి ఈ హెచ్చుతగ్గులు, ఈ నిర్దయ ఆయనవి కావా? కావు, వాన అందరికీ ఒకేలా పడుతుంది, మొలకలో తేడా విత్తనానిది, అంటే కర్మది అన్నారు. మొట్టమొదట కర్మ ఎక్కడిది అంటే, మొదలే లేదు, అనాది అన్నది 35వ సూత్రం.

ఇది తర్కానికి నిలబడుతుంది. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషికి సరిపోతుందని మాత్రం నేను అనలేను.

అధ్యయనం:

ఒంటరిబాట గారూ, బృహదారణ్యకం మొదటి అధ్యాయంలో ఇంకో సృష్టి కథ ఉంది. మొదట ఆత్మ ఒక్కటే, మనిషి రూపంలో. చుట్టూ చూస్తే తాను తప్ప ఏమీ లేదు. 'సోఽబిభేత్'. అతను భయపడ్డాడు. అందుకే ఒంటరిగా ఉన్నవాడు భయపడతాడు. తర్వాత, నేను తప్ప ఇంకేమీ లేదు కదా, ఎవరికి భయపడాలి అనుకున్నాడు, భయం పోయింది. అయినా 'స వై నైవ రేమే'. సంతోషం లేదు. అందుకే ఒంటరివాడికి సంతోషం ఉండదు. రెండోది కావాలని కోరాడు, రెండుగా అయ్యాడు.

లీల అనే మాట మీకు పడకపోతే పక్కన పెట్టండి. ఈ మాట కూడా వేదానిదే.

ఒంటరిబాట:

ఇది నాకు తెలియదు. మొదట ఉన్నవాడు కూడా భయపడ్డాడు అన్నది రెండు మూడుసార్లు చదివాను. ధన్యవాదాలండి.

వెన్నెలవాన:

మన పోతన గారిని తలుచుకోకుండా ఉండలేకపోతున్నాను. గజేంద్రుడు కూడా నీళ్లలోనే చిక్కుకున్నాడు. మొసలి కాలు పట్టుకుంది, బలం అయిపోయింది, తనవాళ్లు వదిలి వెళ్లలేక చూస్తూ నిలబడ్డారు. ఆ స్థితిలో 'ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై' అని మొదలుపెడతాడు. లోకాలూ, లోకేశులూ, లోకంలో ఉన్నవాళ్లూ అందరూ పోయాక, 'పెంజీకటి కవ్వల' ఒక్కడిగా ఎవడు వెలుగుతాడో అతన్ని కొలుస్తాను అంటాడు. నాసదీయంలో చీకటిని కప్పిన చీకటి ఉందే, దానికి ఆవల అన్నమాట. కొన్ని పద్యాల తర్వాత 'కలడు కలండనెడివాడు కలడో లేడో' అని కూడా అనేస్తాడు. ఉన్నాడు ఉన్నాడంటారే, ఉన్నాడో లేడో!

'యది వా న వేద' అన్న ఋషికీ, 'కలడో లేడో' అన్న ఏనుగుకీ మధ్య ఎన్ని వందల ఏళ్లో. సందేహం మాత్రం అదే, అదీ ప్రార్థన మధ్యలో. మా నాన్న ఈ పద్యం చదివేటప్పుడు 'లేడో' దగ్గర గొంతు తగ్గించేవారు.

నిత్యాన్వేషి:

ఈ పద్యం స్కూల్లో కంఠస్థం చేశాను. సృష్టి గురించి అని ఎప్పుడూ తట్టలేదు.

ఒక ప్రశ్న. ఋగ్వేదంలో అడిగి వదిలేసిన ప్రశ్నలకు తర్వాత ఎక్కడైనా జవాబు రాశారా?

అధ్యయనం:

ఒకటి చెప్పగలను. పదో మండలం 81వ సూక్తం విశ్వకర్మ గురించి. ఇల్లు కట్టేవాడికి కలప కావాలి కదా, ఏ అడవి, ఏ చెట్టు నుంచి ఈ భూమ్యాకాశాలను చెక్కారు అని అడుగుతాడు ఋషి. అక్కడ జవాబు లేదు. తైత్తిరీయ బ్రాహ్మణంలో నాసదీయం అయిపోగానే ఇదే ప్రశ్న మళ్లీ ఎత్తి, 'బ్రహ్మ వనం, బ్రహ్మ స వృక్ష ఆసీత్' అన్నారు. అడవీ బ్రహ్మమే, చెట్టూ బ్రహ్మమే. చేసేవాడూ, చేసే పదార్థమూ వేరు కాదన్న ఆలోచన అక్కడ కనిపిస్తుంది. ముండకోపనిషత్తులో సాలీడు తనలోంచే దారం తీసి మళ్లీ తనలోకే తీసుకున్నట్టు అన్నదీ ఇదే. సృష్టి అనే మాటకి ధాతువు 'సృజ్', వదలడం, వెలువరించడం. ఏమీ లేనిచోట కొత్తగా తయారుచేయడం అన్న అర్థం అందులో లేదు.

చిరుదివ్వె:

అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి గార్గి కథ చెప్పాను. తల పడిపోతుంది అన్న దగ్గర గట్టిగా నా చెయ్యి పట్టుకుంది. రెండోసారి లేచింది అనగానే వదిలింది. చెమట, కన్నీళ్ల మాట చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత కళ్లు మూసుకుని రెప్పల మీద వేళ్లు పెట్టుకుని చూసుకుంది.

ఇంకొక్క సాయం. గుడిలో హారతి తర్వాత చదివే మంత్రపుష్పంలో నీళ్ల మాట పదేపదే వస్తుంది కదా, దాని అర్థం అడిగింది. ఎన్నో ఏళ్లుగా వింటున్నాను, నాకు తెలియదు.

అధ్యయనం:

చాలామందికి తెలియదమ్మా, చెప్పేవాళ్లు తక్కువ. అది తైత్తిరీయ ఆరణ్యకంలో మొదటి ప్రశ్న (ఇక్కడ ప్రశ్న అంటే అధ్యాయం), అంటే అరుణప్రశ్నలో 22వ అనువాకం (చిన్న భాగం). 'యోఽపాం పుష్పం వేద', నీళ్ల పువ్వును ఎవరు తెలుసుకుంటారో. ఆ పువ్వు చంద్రుడు. ఆ తర్వాత అగ్ని నీళ్లకు నెలవు, నీళ్లు అగ్నికి నెలవు. వాయువు నీళ్లకు నెలవు, నీళ్లు వాయువుకు నెలవు. అలాగే మండే సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు, మేఘం, సంవత్సరం. ప్రతిసారీ రెండు వైపులా చెప్తారు. నిప్పు ముందా నీళ్లు ముందా అన్న మీ పాప సందేహానికి అక్కడ ఒక వైపు తేల్చలేదు, ఒకదానిలో ఒకటి ఉన్నాయన్నారు.

ఆ వెంటనే ఉన్న 23వ అనువాకం కూడా తనకి చదివి చెప్పండి. అంతా నీళ్లే, సలిలమే. ప్రజాపతి ఒక్కడే తామరాకు మీద పుట్టాడు. అతని మనసులో సృష్టించాలన్న కోరిక కలిగింది. మీ అమ్మమ్మ గారి కథకు పాత రూపం ఇది. తపస్సు చేసి శరీరాన్ని విదిలించాడు. అప్పుడు నీళ్లలో ఒక తాబేలు తిరుగుతూ కనిపించింది. ప్రజాపతి దానితో, నువ్వు నా చర్మం, మాంసాల నుంచే పుట్టావు అన్నాడు. తాబేలు కాదంది. 'పూర్వమేవాహమిహాసమ్', నేను ముందే ఇక్కడ ఉన్నాను అంది. అని, వెయ్యి తలలు, వెయ్యి కళ్లు, వెయ్యి పాదాల పురుషుడై నీళ్లలోంచి పైకి లేచింది.